కంబళి మీద మాట

కదిరయ్యకు అబద్ధమాడడం రాదు. ఊరంతా దాన్ని ఆయన గొప్పతనం అంటుంది గానీ, ఆయనతో కాపురం చేసిన హొన్నూరమ్మను అడిగితే అదొక జబ్బంటుంది. సంతలో గొర్రెను అమ్మబోతూ "దీనికి పోయిన నెల కాలు వాచిందప్పా, చూసి కొను" అని కొనేవాడికి తానే చెప్పే మొగుడితో సంసారం ఈదిన ఆడదానికే తెలుస్తుంది ఆ కష్టం. అలాంటి మనిషిని పట్టుకుని సినిమాలో వేషం కట్టమన్నారు.

అడిగింది నందీష్. మంగళవాడ కుర్రాడు, బెంగళూరులో కెమెరా పని నేర్చుకుని వచ్చాడు. కదిరయ్య కొడుకు గిరీశ్‌కు పావగడ కాలేజీలో జతగాడు. గిరీశ్ సోలార్ పార్కులో ప్యానెళ్ళు కడిగే ముఠాకు మేస్త్రీ. సినిమా ఏమో వాళ్ళ ఊరు రాయచెర్లులో దేవుడు కంబళయ్యస్వామి మీద. ఆ గుడికి పూజారి కదిరయ్యే. దుడ్డు పెట్టేది గుడి కమిటీ పెద్ద కేశవమూర్తి. చేలన్నీ సోలార్‌కు బాడుగకిచ్చాక ఆయనకు చేతినిండా తీరిక, ఆ తీరికంతా దేవుడి మీద పడింది. "మన సామి ఫోన్లలో రావల్లప్పా, కర్ణాటకంతా చూడల్ల. చేతిలోనుంచి వెలుగు రావల్ల, రెండు పాటలుండల్ల" అన్నాడు. నందీష్ బుద్ధిగా తలాడించి, ఇంటికి పోయి తనకు కావలసిన కథ రాసుకున్నాడు.

కంబళయ్య కథ రాయచెర్లులో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఆయన గొర్రెల కాపరి. వడగళ్ళ వానలో గొర్రె ఒకటి ఈనుతుంటే తన కంబళి తీసి దాని మీద కప్పాడు. గొర్రె బతికింది, పిల్ల బతికింది, ఆయన మాత్రం తెల్లారేసరికి కొయ్యబారిపోయాడు. అందుకే గుడిలో విగ్రహం లేదు, ఒక పెట్టె, పెట్టెలో నల్ల కంబళి. అది చినిగినప్పుడల్లా పూజారి ఇంటి ఆడవాళ్ళు ఉన్ని వడికి ఇస్తారు, మగవాళ్ళు అతుకు వేస్తారు. హొన్నూరమ్మ కొత్త కోడలిగా వచ్చిన ఏడు వడికిన ఉన్ని ఇప్పటికీ దాని మూలన తెల్లటి అతుకుగా ఉంది. వడకడం వరకే ఆమె వంతు. ఆ తరువాత ఆడవాళ్ళెవరూ దాన్ని ముట్టుకోరాదు.

ఏడాదికొకసారి జాతరలో కదిరయ్య ఆ కంబళి పరచుకుని కూర్చుంటాడు. ఊరి వాళ్ళు అడగవలసింది అడుగుతారు. ఒకే మాట మూడుసార్లు అడుగుతారు, మూడుసార్లూ అదే జవాబు వస్తే అది స్వామి మాట. ఇక దాన్ని తిప్పడానికి ఎవరికీ హక్కు లేదు, చెప్పిన నోటికి కూడా లేదు. ఒక ఏడు అలాగే, మందలు పోవడానికి కదిరయ్య చేను మధ్యలోనుంచే దారి వదలాలని ఆయన నోటనే వచ్చింది. కంబళి దిగి ఇంటికొచ్చాక "యాడలేని దారి నా చేన్లోనే కనపడిందా సామికి" అని తల పట్టుకున్నాడు గానీ, దారి మాత్రం వదిలాడు.

హొన్నూరమ్మకు ఈ సినిమా గోల ఏదీ పట్టలేదు. ఆమె దిగులంతా కోడలు ఆశా మీద. ఆశాకు నెలలు నిండుతున్నాయి. రాయచెర్లు గొల్లవాడలో బిడ్డను కన్న తల్లి రెండో పున్నమి దాటేదాకా ఊళ్ళోకి రాకూడదు. పురిటి గుడిసెలో ఉండాలి. ఆ గుడిసె ఒకప్పుడు శనక్కాయ చేలల్లో, వేపచెట్టు కింద ఉండేది. ఆ చేలు సోలార్‌కు పోయాక దాన్ని కంచెకూ తారురోడ్డుకూ నడుమ మిగిలిన ముక్కలోకి జరిపారు. పైన నీలం టార్పాలిన్, చుట్టూ తడికెలు. ఊరి చుట్టూ కనుచూపు మేర కరెంటు పండుతుంది, ఆ గుడిసెలో మాత్రం దీపం లేదు. వింతేమిటంటే, గుడిసెకు ఎదురుగా ఉండే గీతరాయిని కూడా మరిచిపోకుండా పెకలించి తెచ్చి మళ్ళీ పాతారు. మగవాళ్ళు ఆ రాయి దాటకూడదు. చేను పోయినా, చెట్టు పోయినా రాయి మాత్రం పోలేదు.

హొన్నూరమ్మ తొలిచూలు బిడ్డ ఆ గుడిసెలోనే పోయింది. ఆడపిల్ల. విసురుగాలి, జల్లు, బిడ్డకు ఎగశ్వాస. ఆమె అరిచిన అరుపుకు కదిరయ్య పరుగెత్తుకొచ్చాడు. వచ్చి గీతరాయి దగ్గర ఆగిపోయాడు. పూజారి కొడుకు కదా. లాంతరు పట్టుకుని అక్కడే నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు గానీ, రాయి దాటలేదు. ఆ తరువాత ఇద్దరూ ఆ సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదు. కానీ ఆశాకు నెల తప్పిందని తెలిసిన నాటినుంచి హొన్నూరమ్మ కడుపులో ఆ లాంతరు వెలుగుతూనే ఉంది.

ఒకసారి అడిగి చూసింది. "ఏమయ్యా, ఆశాను ఇంట్లోనే పెట్టుకుందాం."

"నేనెవరే మార్చేదానికి? కంబళి మీద మాట రావల్ల" అన్నాడు కదిరయ్య.

"జాతరలో అడిగిస్తే?"

"అడిగేది పెద్దలు. కేశవమూర్తి అడుగుతాడా?"

అడగడు. పైగా పూజారి ఇల్లే కట్టు తప్పితే మందకు తెగులు వస్తుందని ఊరు భయపడుతుంది. గిరీశ్‌కు కూడా మనసులో కుతకుతే గానీ తండ్రికి ఎదురు చెప్పే గుండె లేదు. అందుకే వాడు నందీష్‌తో కలిసి సినిమా దారి పట్టాడని హొన్నూరమ్మకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

నందీష్ కథలో చివర ఒక బాలింత పురిటి గుడిసెలో వణుకుతూ ఉంటుంది. స్వామి పూజారి మీదికి వచ్చి ఆమెను ఇంట్లోకి పొమ్మంటాడు. బాలింతగా గుడిసె వాకిట్లో కూర్చోవడానికి ఊళ్ళో ఏ ఆడదీ ఒప్పుకోకపోతే, పావగడలో నాటకాలాడే ప్రతిభ అనే అమ్మాయిని తెచ్చుకున్నారు. పూజారి వేషానికి మాత్రం అసలు పూజారే కావాలని నందీష్ పట్టుబట్టాడు.

"నేను అబద్ధమాడనప్పా" అన్నాడు కదిరయ్య.

"అబద్ధం కాదు నాయనా, వేషం" అన్నాడు గిరీశ్. "అబద్ధమైతే ఎదుటోడికి తెలీకూడదు. వేషమని అందరికీ తెలుసు గదా."

కదిరయ్య ఒక పూటంతా దాన్ని నమిలి, చివరికి సరేనన్నాడు.

షూటింగు రోజు కేశవమూర్తి పెళ్ళికని తుమకూరు పోయాడు. నందీష్ ఆ రోజే ఎందుకు పెట్టుకున్నాడో వేరే చెప్పాలా? గుడిసె ముందర, గీతరాయికి ఇవతలే, ఊరు ఊరంతా చేరింది. నందీష్ పావగడ అంగట్లో కొన్న కంబళి తీసి పరిచాడు. అంచులకు ఎర్రగీతలు, మూలన కంపెనీ చీటీ, ముట్టుకుంటే చిటపటమనే నైలాను. కదిరయ్య దాని మీద కూర్చుని వెంటనే లేచాడు.

"ఏందప్పా ఇది? దేవుని సినిమాకు అంగడి కంబళా? దీని మీద కూచుని సామి పేరెట్ల చెప్పేది? నోరు రాదు నాకు."

"కెమెరాలో తెలీదు సామీ" అన్నాడు నందీష్.

"కెమెరాకు తెలీకపోతే నాకు తెలీదా?" అని విసవిసా గుడివైపు నడిచాడు.

తిరిగి వచ్చేసరికి ఆయన భుజం మీద నల్లగా, బరువుగా ఇంకొక కంబళి ఉంది. జాతరకు వాడే గొంగళ్ళు గుడిలో చాలా ఉన్నాయి, అందులో ఒకటి అనుకున్నారంతా. ఆయన దాన్ని దులిపి పరుస్తుంటే, ఆడవాళ్ళలో కూర్చున్న హొన్నూరమ్మ కళ్ళు మూలన ఉన్న తెల్లటి అతుకు మీద పడ్డాయి. భక్తి ఎక్కువై మతి పోయిందా ఈ మనిషికి? "ఏమయ్యా, అది..." అనబోయి లేచింది.

లేచినది మళ్ళీ కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఎన్నో ఏళ్ళుగా అడగాలనుకున్న ప్రశ్న ఎవరూ అడగకుండానే కంబళి దాకా వచ్చింది. వచ్చినదాన్ని తాను ఎందుకు ఆపాలి?

"యాక్షన్" అన్నాడు నందీష్.

కదిరయ్య కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆయన వేషగాడిలా లేడు, జాతరలో కూర్చున్నట్టే ఉన్నాడు. ప్రతిభ ఒళ్ళో గుడ్డల మూటవైపు చూశాడు. "తల్లీ, లే. ఈనే గొర్రెను కంబళి కిందికి తీసుకున్నోన్ని నేను. బిడ్డ తల్లిని బయట పెట్టమంటానా? ఇంట్లోకి పో. ఇది నా మాట."

అంతలో రోడ్డు మీద లారీ హారను కొట్టింది. నందీష్ చెయ్యెత్తాడు. "సామీ, ఇంకొకసారి."

రెండోసారి కదిరయ్య మాట పూర్తి చేశాడు గానీ, మైకుకు తొడిగిన బొచ్చు చూసి ఒక పొట్టేలు దాన్ని కుమ్మడానికి వచ్చింది. జనం నవ్వారు. హొన్నూరమ్మకు నవ్వు రాలేదు. ఆమె వేళ్ళు మడుస్తూ ఉంది.

"ఇంకొకసారి సామీ, ఇదే ఆఖరు."

మూడోసారి ఏ హారనూ మోగలేదు, ఏ పొట్టేలూ రాలేదు. "ఇది నా మాట" అన్న మాట గాలిలో నిలిచిపోయింది. హొన్నూరమ్మ మూడో వేలు మడిచి, కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రం సంగటి ముద్ద పెడుతూ అడిగింది. "ఈ పొద్దు నువ్వు కూచున్నది ఏ కంబళి మీద?"

"సామి కంబళే. అంగడిది ఎట్లా..." కదిరయ్య చెయ్యి పులుసులోనే ఆగిపోయింది.

"ఎన్నిసార్లు చెప్పినావు?"

ఆయన పులుసులోనుంచి చెయ్యి తీశాడు. "అది సినిమా మాటే" అన్నాడు.

"కంబళికి సినిమా తెలుస్తాదా?"

కదిరయ్య ముద్ద అలాగే వదిలి లేచి గొర్రెల దొడ్డివైపు పోయాడు. ఆ నాటినుంచి ఆయన నోరు మూతపడింది. పలకరిస్తే ఊ అనడు, ఉఁహూ అనడు. తాను బయట చెప్పి ప్రయోజనం లేదని హొన్నూరమ్మకు తెలుసు. కోడలి కోసం కట్టిన కథ అంటారు. ఆ మాట ఆయన నోటనే రావాలి. అబద్ధం ఆడలేని మనిషే, కానీ నోరు మూసుకుంటే అది అబద్ధం కాదు కదా! ఆ సందులో ఎక్కడ దూరిపోతాడోనని ఆమె భయం.

సినిమాను గుడి ముందు తెల్లగుడ్డ కట్టి వేశారు. వడగళ్ళ వానలో కంబళయ్య వణుకుతుంటే ముసలివాళ్ళు కూడా ముక్కులు చీదారు. చివరి ఘట్టం వచ్చేసరికి జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పురిటి గుడిసెను తెర మీద అంత పెద్దదిగా చూసేసరికి, రోజూ దాని పక్కనుంచే పోయేవాళ్ళకు కూడా మొదటిసారి చూసినట్టయింది. తెర ఆరిపోయాక అందరూ కేశవమూర్తి మొహం చూశారు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, భయస్తుడు. "సినిమా బాగుండాది. కండ్లలో నీళ్ళు వచ్చినాయి. అయితే సినిమా సినిమానే, ఊరు ఊరే. ఏమంటారప్పా?"

హమ్మయ్య అన్నట్టు జనం కదిలారు. హొన్నూరమ్మ మొగుడివైపు చూసింది. కదిరయ్య నేలవైపు చూస్తూ నిలబడి, ఏమీ అనకుండా ఇంటికి నడిచాడు. ఆమెకు ఆ నిమిషంలో ఆయన మీద పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు. ఇంటికొచ్చి, ఆశా కోసం దాచిన పాత చీరలు మడతపెడుతూ, గుడిసెలో గాలి తగలకుండా ఏ తడికెకు ఏది కట్టాలో లెక్క వేసుకుంది. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఆశా పావగడ ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. కాన్పు సులువుగానే అయింది. తల్లినీ బిడ్డనూ తీసుకుని గిరీశ్, హొన్నూరమ్మ ఆటోలో బయలుదేరారు. ఊరు దగ్గరపడేకొద్దీ ఎండ ప్యానెళ్ళ మీద పడి కళ్ళు చెదురుతున్నాయి. ఆటో నడిపే ఈరయ్య ఊరి మనిషే. అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. గుడిసె దగ్గర రోడ్డు మీదే ఆపి, ఇంజను ఆర్పి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

గీతరాయి అవతల, ఊరివైపు, పదిమంది నిలబడి ఉన్నారు. కేశవమూర్తి ఉన్నాడు, కర్రమీద ఆనుకుని ముసలి నాగక్క ఉంది. బిడ్డను చూడాలని వచ్చినవాళ్ళే, మైల అంటుతుందని ఆడవాళ్ళు కూడా చూసేది రాయి అవతలనుంచే. గిరీశ్ దిగి గుడిసెవైపు చూశాడు, ఊరివైపు చూశాడు. కాళ్ళు ఎటూ పోలేదు. ఆశా ఒళ్ళో బిడ్డ మొహానికి ఎండ తగలకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. హొన్నూరమ్మ చీరల మూట చేతిలోకి తీసుకుంది.

అప్పుడు గుడివైపునుంచి కదిరయ్య వచ్చాడు. స్నానం చేసి ఉన్నాడు. భుజం మీద కంబళి.

"ఈరయ్యా, ఆటో ఈడెందుకు ఆపినావు? ఇల్లు ఆడుండాది గదా."

ఈరయ్య నోరు తెరిచాడు. కేశవమూర్తి ముందుకొచ్చాడు. "కదిరయ్యా, ఏందిది? నువ్వే కట్టు తప్పితే ఎట్లప్పా?"

"తప్పేది కాదు, నిలబెట్టేది. షూటింగు నాడు నేను కూచున్నది ఈ కంబళి మీద. ఈ మాట మూడుసార్లు వచ్చింది."

"అది ఉత్త గొంగడి గదా?"

కదిరయ్య కంబళి మూల విప్పి తెల్లటి అతుకు చూపించాడు. "గిరీశా, నీ ఫోన్ తీరా."

గిరీశ్ ఫోను తీశాడు. చివరి ఘట్టం పెట్టి, బొమ్మను ఆపి, రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. కదిరయ్య మోకాలి పక్కన తెల్లటి అతుకు. కేశవమూర్తి ఫోనువైపు చూశాడు, కంబళివైపు చూశాడు, మళ్ళీ ఫోనువైపు చూశాడు. తాను దుడ్డు పెట్టి తీయించిన సినిమానే సాక్ష్యం చెబుతుంటే ఎవరిని కాదంటాడు?

"వేషానికని పరిచినావు గదప్పా" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "వేషంలో చెప్పింది లెక్కలోకి రాదు."

"నేనూ అదే అనుకుంటి. ఇన్ని దినాలూ అదే అనుకుంటా ఉండా" అన్నాడు కదిరయ్య. "నువ్వు ఆ పొద్దు సినిమా సినిమానే అంటివి. ఇంటికి పోయినాక నిద్ర పట్టలేదు నాకు. ఈ మాట ఉత్తదైతే, జాతరలో ఇన్నేండ్లు నేను చెప్పిందంతా ఉత్తదే. నా చేన్లో దారి ఉత్తదే. మీ అన్నదమ్ముల తగువులో బావి ఇద్దరికీ కలిపిన మాటా ఉత్తదే. అట్లని చెప్పు, ఈ కంబళిని ఈడనే వదిలి గొర్రెల ఎంట పోతా."

కేశవమూర్తి చెప్పలేదు. ఆ బావి నీళ్ళే ఇప్పటికీ ఆయన ఇంట్లో తాగుతున్నారు. ముందుగా నోరు విప్పింది నాగక్క. "సామీ, నా మనవరాలికి వచ్చే నెలలో కాన్పు. ఆ మాట పూజారి ఇంటికేనా, మాకు గూడానా?"

"సామి ఒక ఇంటిపేరు చెప్పలేదక్కా."

"అయితే ఇంక నేనెందుకు ఈడ నిలబడేది" అని ముసలమ్మ కర్ర టకటకలాడించుకుంటూ రాయి దాటి ఆటో దగ్గరికి వచ్చి, బిడ్డ మొహం మీద కొంగు తొలగించి చూసింది. "నల్లగా ఉండాది, వాళ్ళ తాత మాదిరి" అంది. ఎవరో నవ్వారు. కేశవమూర్తి నవ్వలేదు. కానీ దారికి అడ్డంగా ఉన్నవాడు పక్కకు జరిగాడు. "మందకేమన్నా అయితే నీదే పూచీ" అన్నాడు.

"నాదే" అన్నాడు కదిరయ్య.

ఆయన కంబళిని సరిగ్గా భుజాన వేసుకుని గీతరాయి దాకా వచ్చాడు. అక్కడ ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం హొన్నూరమ్మకు తెలుసు, కళ్ళు మూసుకున్నా కనిపించే ఆగడం అది. కదిరయ్య రాయి దాటాడు. ఆటోలోకి వంగి రెండు చేతులూ చాచాడు. ఆశా బిడ్డను ఆ చేతుల్లో పెట్టింది.

హొన్నూరమ్మ ఆయన పక్కకు వచ్చింది. ఇన్నేళ్ళూ అనని మాట అప్పుడు దానంతటదే బయటికొచ్చింది. "ఆ పొద్దు గూడా ఇట్లే దాటింటే..."

కదిరయ్య బిడ్డ మీదనుంచి చూపు తిప్పలేదు. "ఆ పొద్దు నాకు ధైర్యం లేదే, హొన్నూరా. ఈ పొద్దు గూడా ఈ ధైర్యం నాది కాదు. నా చేత మూడుసార్లు చెప్పించినారు."

ఆమెకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు కానివ్వాలో తెలియలేదు. చీరల మూటను గుడిసె ముందే కింద పడేసి, "తల కింద చెయ్యి పెట్టి పట్టుకో, జారుతా ఉండాది" అంది.

ఆయన చెయ్యి సరిచేసుకున్నాడు. ఈరయ్య ఆటోను మెల్లగా ఇంటివైపు పోనిచ్చాడు. తాతా అవ్వా దాని వెనకే నడుచుకుంటూ పోయారు.